చేతికివ్వని మిరపకాయ

మా ఇంట్లో మిరపకాయ చేతికివ్వరు. ఉప్పు కూడా అంతే. ఇస్తే ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ తగాదా వస్తుందని అమ్మ నమ్మకం. అమ్మకు వాళ్ళమ్మ చెప్పింది, నాకు అమ్మ చెప్పింది. గట్టు మీదో, పీట మీదో, ఏదీ లేకపోతే నేల మీదో పెట్టాలి. కావలసినవాళ్ళు అక్కణ్ణుంచి తీసుకోవాలి. సత్తెనపల్లి అవతల మా ఊళ్ళో మిరప, పత్తి తప్ప మేము వేసే పంట వేరే లేదు. కోతల రోజుల్లో కల్లం నిండా ఎర్రగా ఆరబోసి ఉండేవి. అంత మిరప పండే ఇంట్లో ఒక్క కాయ చేతికివ్వడానికి భయపడటం నాన్నకు నవ్వులాట.

"ఈ లెక్కన గుంటూరు మిర్చి యార్డులో హమాలీలందరూ పొద్దస్తమానం కొట్టుకు చావాలి కదే," అనేవాడు అమ్మతో.

నవ్వేవాడే గాని తప్పేవాడు కాదు. పచ్చడికి ఏ కాయ వెయ్యాలో చూడమని అమ్మ అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపితే, ఫోన్లో మాట్లాడుతున్నా, పేపరు చదువుతున్నా, కళ్ళెత్తకుండానే "కింద పెట్టు" అనేవాడు. అమ్మ కింద పెట్టేది. నాన్న వంగి తీసుకుని తొడిమ విరిచి వాసన చూసేవాడు. కొన్నిసార్లు అమ్మ కావాలనే చెయ్యి చాపేదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. పిల్లల ముందు వాళ్ళిద్దరూ ఆడుకున్న ఆట అదొక్కటే.

ఇది రాస్తుంటే పక్క గదిలో నాన్న నిద్రపోతున్నాడు. మా పాప నా తొడ మీద కాళ్ళేసి పడుకుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇదే గదిలో, ఇదే మంచం మీద, నాన్న దగ్గు వింటూ నిద్రలేకుండా పడుకున్న రోజులున్నాయి. ఆ దగ్గు ఆగితే చాలనుకునేదాన్ని.

నాన్నకు ఊపిరితిత్తుల కాన్సరని తెలిసేసరికే అది ఎముకల్లోకి పాకింది. చుట్ట, సిగరెట్ ముట్టిన మనిషి కాదు. పురుగుమందులు కొట్టడం వల్లనని ఒక చుట్టం, మిరప దుమ్ము పీల్చడం వల్లనని ఇంకొక చుట్టం తీర్పు చెప్పి వెళ్ళారు. ఎందుకొచ్చిందో చెప్పలేమని డాక్టరమ్మ ఒక్కరే అన్నారు. కీమో ఇచ్చారు. తర్వాత వేరే రకం ఇంజెక్షన్లు ఇచ్చారు. కొన్నాళ్ళు ఆగినట్టే ఆగి మళ్ళీ పెరిగింది. ఆ సంగతి చెప్పినప్పుడు నాన్న పెద్దగా కదల్లేదు. "పురుగు మందుకు అలవాటుపడిపోయిందన్నమాట," అన్నాడు, ఎదురింటివాళ్ళ చేను గురించి అన్నట్టు.

అప్పుడు చెప్పారు ఆవిడ, ఇంకా ప్రయోగంలోనే ఉన్న ఒక వైద్యం గురించి. రక్తంలో మనల్ని కాపలా కాసే కణాలుంటాయట. అవి కాన్సరును చూసి కూడా మనవాళ్ళే అనుకుని పక్కకు తప్పుకుంటాయట. అందుకని వాటిలో కొన్నిటిని బయటికి తీసి, వేరే నగరంలో ఉన్న ల్యాబుకు పంపి, శత్రువును గుర్తుపట్టడం నేర్పి, కోట్లకొద్దీ పెంచి, గడ్డకట్టించి తెచ్చి మళ్ళీ ఎక్కిస్తారు. రక్తం కాన్సర్లలో కొందరికి బాగా పనిచేసిందని, ఊపిరితిత్తుల్లోని గడ్డకు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికే ఇప్పుడు కొద్దిమందికి ఇస్తున్నామని అన్నారు. నయమవుతుందని మాటివ్వలేనని రెండుసార్లు చెప్పారు. చెడు కూడా జరగొచ్చని, ఆ చెడు ఎలా ఉంటుందో కూడా చెప్పారు.

నేను బీఎస్సీ చదివాను. సగం అర్థమైంది. ఆ సగమే నన్ను భయపెట్టింది. నాన్నకు మాత్రం మొత్తం అర్థమైనట్టుంది.

"నారు పీక్కెళ్ళి వేరేచోట పెంచి, మళ్ళీ ఇదే పొలంలో నాటుతారంటారు. అంతేనా డాక్టరమ్మా?"

అంతేనన్నారు ఆవిడ. నాటేముందు కొన్ని మందులిచ్చి ఒంట్లో ఉన్న పాత కణాలను తగ్గించాలని కూడా చెప్పారు. దుక్కి దున్నాలిగా మరి అని నాన్న తలూపాడు. అమ్మ అడిగిన ప్రశ్న వేరు. ఈయన ఇక్కడ అన్నం తింటుంటే అక్కడ వాటికి ఎవరు పెడతారని అడిగింది. డాక్టరమ్మ నవ్వలేదు. వాటికి కావలసిన ఆహారం ద్రవంలో కలిపి వేళకు పెడతారని, ఒంటి వేడి ఎంత ఉంటుందో అంత వెచ్చగా ఉంచుతారని ఓపిగ్గా చెప్పారు.

కణాలు తీసిన రోజు నాన్నకు రెండు చేతులకూ సూదులు పెట్టారు. ఒక గొట్టంలోంచి రక్తం యంత్రంలోకి వెళ్ళి ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తోంది. మధ్యాహ్నానికి పైన వేలాడే సంచిలో లేత గులాబీ రంగు ద్రవం కొంచెం చేరింది. అది పట్టుకుని ఒకతను గబగబా లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు. అమ్మ ఆ లిఫ్టు తలుపులు మూసుకునేదాకా చూసి, చూస్తూనే దండం పెట్టింది. ఎవరికి పెట్టావని తర్వాత అడిగితే, "ఆయనకేనే. వెళ్తున్నది ఆయనేగా," అంది.

ఆ తర్వాత వారాలు మేమందరం కొంచెం వింతగా బతికాం. నాన్న నీరసంగా పడుకుని ఉంటే, అదే సమయంలో నాన్నవే అయిన ప్రాణాలు ఎక్కడో మనుషులు కనపడని గదిలో పెరుగుతున్నాయి. ఇక్కడి మనిషి రోజురోజుకూ తగ్గిపోతున్నాడు. అక్కడివి రోజురోజుకూ ఎక్కువవుతున్నాయి. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఒకరోజు భోజనం దగ్గర నాన్నే అన్నాడు, "ఇప్పుడు నేను ఇక్కడికన్నా అక్కడే ఎక్కువున్నానేమోనే," అని. అమ్మ కూర వడ్డిస్తున్న గరిటె ఆపి, తినేటప్పుడు ఆ మాటలేంటని కసిరింది.

ఎక్కించిన రోజు నేనూ అమ్మా అద్దం అవతల నుంచున్నాం. పొడవాటి డబ్బా మూత తీయగానే తెల్లటి ఆవిరి అంచులమీదుగా పొర్లి నేల మీదికి జారింది. లోపలి నుంచి తీసిన సంచి అరచేతిలో పట్టేంత చిన్నది. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి కరిగించి ఎక్కించారు. అన్నాళ్ళ ఎదురుచూపు టీ తాగేంతలో అయిపోయింది. లోపలికి రమ్మన్నప్పుడు గౌను, ముసుగు వేసుకుని వెళ్ళాం. గదంతా మొక్కజొన్న పొత్తులు ఉడుకుతున్న వాసన. అది నాన్న శ్వాసలోంచి వస్తోంది. కణాలు గడ్డకట్టినా చచ్చిపోకుండా కలిపిన మందు వాసన అదని, ఒకటి రెండు రోజుల్లో పోతుందని నర్సు చెప్పింది. అమ్మ మంచం దగ్గర వంగి, ముసుగులోంచే పీల్చి, వెనక్కి జరిగింది.

"ఈయన వాసన కాదిది," అంది నాతో, మెల్లగా.

వాసన పోయింది. జ్వరం వచ్చింది, దానికి మందులిచ్చారు, తగ్గింది. కొన్నాళ్ళు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలనే షరతుతో ఇంటికి పంపారు. మా ఊరు దూరం. అందుకని గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి తీసుకొచ్చాం. ముందు గది, దానికున్న స్నానాలగది నాన్నకు, తోడుగా అమ్మకు. నేను, పాప, మా ఆయన వెనక భాగంలో. ఒంట్లో పాత కాపలా తీసేశారు, కొత్త కాపలా ఇంకా నిలదొక్కుకోలేదు. పాప ముక్కు చీదితే చాలు నాకు గుండె ఆగిపోయేది. ప్లేస్కూలు మానిపించాను. తాత గదిలోకి వెళ్ళొద్దని, వరండాలో నుంచుని దోమల జాలీ కిటికీలోంచి మాట్లాడమని చెప్పాను.

తాత ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పాపకు "తాత ఊరెళ్ళాడు, వస్తాడు" అని చెప్పాం. వచ్చిన సాయంత్రం దాన్ని ఎత్తుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాను. నాన్న జుట్టు లేని తలతో, మాస్కుతో, కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపాడు. పాప చాలాసేపు చూసింది. తర్వాత నా చెవి దగ్గర నోరు పెట్టి, ఆయనకు వినపడకూడదన్నట్టు చెప్పింది.

"తాత ఇంకా రాలేదమ్మా."

జుట్టు లేకపోవడం వల్లనని మా ఆయన అన్నారు. నేనూ అదే అనుకున్నాను. అయినా ఆ రాత్రి నుంచి నాన్న గది తలుపు సందులో వెలుతురు ఉందో లేదో చూడకుండా పడుకోలేకపోయాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నాకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త చెప్పారు. ఆ కణాలు మరీ రెచ్చిపోతే మెదడు వాస్తుందట. జ్వరం కంటే మాట ముఖ్యమన్నారు. పొద్దున, సాయంత్రం వస్తువులు చూపించి పేర్లు అడగమన్నారు. తడబడినా, తెలియకపోయినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకురమ్మన్నారు. నేను పొద్దున ఫ్లాస్కు తీసుకెళ్ళినప్పుడు పెన్ను చూపించేదాన్ని, నా చేతి గడియారం చూపించేదాన్ని, కిటికీ చూపించేదాన్ని. సాయంత్రం మళ్ళీ అవే.

నాన్నకు విసుగొచ్చింది. "ఎల్‌కేజీలో చేర్పించావేంటే నన్ను," అనేవాడు. తర్వాత తర్వాత నేను గడపలో కనపడగానే, నేను వేలెత్తకముందే, "పెన్ను, గడియారం, కిటికీ. ఇంక వెళ్ళు," అనేవాడు. నాకు నవ్వొచ్చేది. నవ్వుతూ వెళ్ళిపోయేదాన్ని.

ఆ ఆదివారం కూడా పొద్దున అలాగే అన్నాడు.

సాయంత్రం, దీపాలు పెట్టేవేళ, వెనకవైపు పాపకు నీళ్ళు పోస్తున్నాను. గొంతులో ఒక్కసారిగా మంట. పాప దగ్గడం మొదలుపెట్టింది. పక్కింట్లో తాలింపు మాడిందనుకున్నాను. రెండో దగ్గుకు తెలిసింది, అది తాలింపు కాదు, నిప్పుల మీద కాలుతున్న మిరపకాయ. తువ్వాలు చుట్టి పాపను మా ఆయన చేతికిచ్చి ముందుకు పరిగెత్తాను.

ముందు గది గడపకు అవతల, వరండాలో, పాత ఇనుప మూకుట్లో కొబ్బరిచిప్పల నిప్పులు. కల్లుప్పు చిటపటమంటోంది. మా చేలో కాయలే, పిడికెడు, నల్లబడి పొగలు కక్కుతున్నాయి. అమ్మ నాన్నకు దిష్టి తీసింది. చుట్టాలు వరసగా వచ్చి కిటికీలోంచి చూసి "అబ్బో, బాగానే ఉన్నాడే" అని వెళ్తున్నారని రెండు రోజులుగా అంటూనే ఉంది. అమ్మకు ఇంగితం లేక కాదు. మూకుడు బయట పెడితే పొగ వీధిలోకి పోతుందనుకుంది. గాలి తిరిగింది.

దిష్టి ఉంటే కాలే మిరపకాయకు ఘాటు రాదంటారు. దిష్టి లేకపోతే ఇల్లంతా కోరు, అంటే గొంతు పట్టే ఘాటు, వచ్చి అందరూ దగ్గాలి. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, దగ్గుతూ, నా వైపు తిరిగింది. ఆ ముఖంలో ఎంత తెరిపి ఉందో. ఎదురింటివాళ్ళు కిటికీ మూసుకున్న చప్పుడైంది.

"పొగ వద్దన్నారు కదమ్మా," అన్నాను, దగ్గుతూనే.

"ఒక్క నిమిషమేగా. చూడు, ఎంత కోరు వచ్చిందో. దిష్టేం లేదు మీ నాన్నకి."

అప్పుడు నాన్నను చూశాను.

గడపకు ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. మాస్కు గడ్డం కిందికి జారింది. పొగ గడప దాటి ఆయన ముఖం మీదుగా లోపలికి వెళ్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటిలో తడి లేదు. అగరొత్తి వెలిగిస్తే ఊపిరాడక దగ్గే మనిషి, పౌడరు వాసనకు మెలికలు తిరిగే మనిషి, ఆ పొగలో కూర్చుని దగ్గలేదు. పొగను దాటి వీధిలోకి, ఎవరో వస్తున్నట్టు చూస్తున్నాడు.

"నాన్నా, ఏం కాలుతోంది?" అన్నాను.

నా వైపు తిరిగాడు. గొంతు స్పష్టంగా ఉంది, ఎప్పటికంటే స్పష్టంగా.

"పెన్ను, గడియారం, కిటికీ."

మళ్ళీ అడిగాను. నేనెవరినని అడిగాను. అదే వరస, అదే స్వరం. మా ఆయన పాపను లోపల కూర్చోబెట్టి వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఆసుపత్రికి వెళ్దాం, కారు తీసుకురండి అన్నాను. వెనకవైపున్నది ఇద్దరు పట్టని సందు. మనిషిని మోసుకెళ్ళాలంటే ముందు గుమ్మమే దారి.

అమ్మ గడప మీద కూర్చుంది.

దిష్టి తీసింది దాటకూడదు. అది చల్లారాలి, మూడు దారులు కలిసేచోట పారబోయాలి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి కాళ్ళు కడుక్కోవాలి. అప్పటిదాకా తీయించుకున్న మనిషి గడప దాటితే తీసిందంతా తిరిగి మీదికొస్తుంది. ఇదంతా అమ్మ గబగబా చెప్పింది. నాన్నకు ఘాటు తగల్లేదని ఈలోగా అమ్మ కూడా గమనించింది. గమనించి తనకు తెలిసిన లెక్క ప్రకారం ఇంకోలా అర్థం చేసుకుంది. మాకు దిష్టి లేదు కాబట్టి మాకు కోరు వచ్చింది. ఉన్నదంతా ఆయన ఒక్కడికే ఉంది కాబట్టి ఆయనకు రాలేదు. ఇప్పుడది కాలిపోతోంది. ఈ పూటకు కదపకుండా ఉంటే పొద్దుటికి తేటపడతాడు. పొద్దున్నే వెళ్దాం.

"అమ్మా, ఏమడిగినా కిటికీ అంటున్నాడు."

"రోజూ నువ్వు అడిగేదేగా. నువ్వు నేర్పిన పాఠమే అప్పజెబుతున్నాడు," అంది. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అంది.

మా ఆయన నా వైపు చూశారు. అత్తగారిని లేవదీసి పక్కన పెట్టడం ఆయన వల్ల కాదు. నేను లేవదీయగలను. ఒక అడుగు వేశాను కూడా. అమ్మ నా వైపు చూడట్లేదు. నాన్న వైపు చూస్తోంది. నాన్న మూకుడు వైపు చూస్తున్నాడు, లేదా దాని వెనక్కి.

మూకుట్లో వెయ్యగా మిగిలిన కాయలు గడప పక్కన చేటలో ఉన్నాయి. అమ్మ వాటిలోంచి ఒకటి తీసింది. అరచేతిలో పెట్టుకుంది. చెయ్యి నాన్న వైపు చాపింది.

అంతకుముందు ఎన్ని వేలసార్లు చూశానో ఆ చెయ్యి అలా చాపడం. ఆ మాట కోసం నా చెవులు వాటంతటవే ఎదురుచూశాయి.

నాన్న ఆ కాయను చూశాడు. చెయ్యి ముందుకు చాపి, అమ్మ అరచేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. పిడికిట్లో పెట్టుకున్నాడు. తర్వాత అమ్మను చూసి నవ్వాడు. కొత్తవాళ్ళ ఇంట్లో మంచినీళ్ళిస్తే తీసుకుంటూ నవ్వే నవ్వు.

అమ్మ చెయ్యి ఖాళీగా అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఏవండీ," అంది. "చేతిలోంచి తీసుకున్నారు."

నాన్న నవ్వుతూనే ఉన్నాడు. అమ్మ లేచింది. ఉత్తి కాలితో మూకుణ్ణి పక్కకు తన్నింది. నిప్పులు వరండా మెట్ల మీదుగా దొర్లాయి. "పట్టుకోండి అల్లుడుగారూ," అంది. "ఎత్తండి ముందు."

పాపను పక్కింటావిడకు అప్పగించాం. కార్లో నాన్న నా భుజం మీద తల పెట్టుకుని ఏదో గొణిగాడు. మాటల్లా ఉన్నాయి గాని మాటలు కావు. బోలెడంతమంది ఒకేసారి దూరంగా మాట్లాడుకుంటే వినిపించినట్టుంది. ఆ గొంతు మాత్రం నాన్నదే.

ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టడానికి నర్సు పిడికిలి విప్పబోతే విప్పనివ్వలేదు. ఇద్దరు కలిసి విప్పారు. లోపల నలిగిన మిరపకాయ, గింజలు, ఎర్రబడిన చర్మం. ఇదెక్కడిదని అడిగారు డాక్టరమ్మ. చెప్పాను. పొగ సంగతికి కోప్పడ్డారు. ఆలస్యం చెయ్యకుండా తేవడం మంచిదైందన్నారు, అమ్మ కాలి బొబ్బ చూసి మందు రాయమని నర్సుకు చెప్పారు. అమ్మకు అప్పటిదాకా కాలు కాలిన సంగతి తెలియదు.

ఆ కణాలు మెదడును కూడా కలవరపెట్టాయని, వాటిని అణచడానికి స్టెరాయిడ్లు ఇవ్వాలని అన్నారు. ఎక్కువ ఇవ్వాల్సొస్తే ఆ కణాలు కూడా చాలావరకు పోవచ్చు. అలాగని ఇవ్వకపోతే మనిషి దక్కడు.

"అవీ ఆయనే కదమ్మా," అంది అమ్మ. "ఆయనలోంచి తీసినవేగా."

అవునన్నారు డాక్టరమ్మ. మంచం మీద ఉన్నాయనను ముందు కాపాడుకుందాం అన్నారు.

నాన్న కొన్నాళ్ళు ఎక్కడున్నాడో నాకు తెలియదు. కళ్ళు మూసి ఉండేవి, తెరిచి ఉండేవి, తేడా ఉండేది కాదు. నేను రోజూ ఇంటికీ ఆసుపత్రికీ మధ్య తిరిగేదాన్ని, రెండుచోట్లా చేతులు మోచేతులదాకా కడుక్కునేదాన్ని. తర్వాత మాటలు ఒకటొకటిగా వచ్చాయి. మొదట తప్పుగా వచ్చాయి. సెలైన్ సీసాను దూడ అన్నాడు. నన్ను వాళ్ళక్క అనుకున్నాడు. ఒక పొద్దున నర్సు పెన్ను చూపిస్తే పెన్ను అన్నాడు, గడియారం చూపిస్తే గడియారం అన్నాడు. వార్డులో అందరూ సంతోషించారు. నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. అమ్మ స్టూలు మీద కూర్చుని కదల్లేదు.

"అవి ఆయనకి కంఠతా వచ్చు," అంది.

ఇంటికి తెచ్చిన రోజు అమ్మ కాళ్ళు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. నాన్న అదే కుర్చీలో, అలిసిపోయి కళ్ళు మూసుకుని ఉన్నాడు. అమ్మ వచ్చి ఎదురుగా నుంచుని చెయ్యి చాపింది. అరచేతిలో ఒక ఎండుమిరపకాయ. పిలవలేదు. నేను తలుపు పట్టుకుని నుంచున్నాను. నాన్న కళ్ళు తెరిచాడు. ముందు ఆ చేతిని చూశాడు. తర్వాత ముఖాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"కింద పెట్టు," అన్నాడు.

అమ్మ కింద పెట్టి, దాని పక్కనే కూలబడి, కొంగు ముఖానికి కప్పుకుంది.

"ఏమేవ్, ఇప్పుడేమైందని," అన్నాడు నాన్న.

తర్వాత తీసిన స్కానులో కొన్ని మచ్చలు చిన్నవయ్యాయి. ఒకటి అలాగే ఉంది. స్టెరాయిడ్ల తర్వాత ఆ కణాలు ఒంట్లో ఎన్ని మిగిలాయో, ఎన్నాళ్ళుంటాయో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయారు. మీలాంటివాళ్ళను చూసే మేమూ నేర్చుకుంటున్నాం అన్నారు. ఇంకో స్కాను ఉంది. నాన్న అన్నం తింటున్నాడు, పత్తి ధర అడుగుతున్నాడు, నన్ను ఆటపట్టిస్తున్నాడు. దగ్గు లేదు. మిరప ఘాటు కూడా తెలియడం లేదు. నేను పోపు పెడుతూ తలుపులన్నీ మూసినా ఇల్లంతా తుమ్ముతుంది, ఆయన తుమ్మడు. మందుల వల్ల కావచ్చు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. కాయ తొడిమ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, మాతో ఏమీ అనకుండా పక్కన పెట్టేస్తాడు.

ఇప్పుడు పాపను గదిలోకి రానిస్తున్నాం. అది తాత ఒళ్ళో కూర్చుంటుంది, తాత చెప్పే కబుర్లు వింటుంది. ఒక్కోసారి ఆట మధ్యలో ఆగి, నా వైపు తిరిగి, "తాత వచ్చేశాడా?" అని అడుగుతుంది. వచ్చేశాడుగా అంటాను. మళ్ళీ ఆడుకుంటుంది.

అమ్మ రోజూ సాయంత్రం వంటకు ముందు ఆ చెయ్యి చాపుతుంది. ఎందుకో ఎవరూ అనరు. ఆట అన్నట్టే ఉంటారిద్దరూ. నేను పెన్ను, గడియారం చూపించడం మానేశాను. పొయ్యి దగ్గర నిలబడి, ఆ మాట వినపడేదాకా చేస్తున్న పని ఏదైనా ఆపేస్తాను.

ఇవాళ కూడా చాపింది. నాన్న పాప బొమ్మకు చక్రం బిగిస్తున్నాడు. చెయ్యి ఆయన కళ్ళ ముందుకు వచ్చింది. ఆయన చక్రం వదిలేసి ఆ చేతిని చూశాడు. ఏమీ అనలేదు. నా చేతిలో గరిటె అలాగే ఉంది. నూనె కాగుతోంది. పాప మిరపకాయను చూడలేదు, తాత ముఖాన్ని చూస్తోంది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"కింద పెట్టు," అన్నాడు.

అమ్మ పెట్టింది. గొంతు ఆయనదే. ఆలోచనలో ఉన్నానే అని కూడా అన్నాడు. మేం భోజనాలు చేశాం. పాపకు పాలిచ్చాను. ఏ పనిలో పడి మర్చిపోయారో, ఆ కాయను ఎవరూ తీయలేదు. అన్ని గదుల్లో దీపాలు ఆర్పుకుంటూ వచ్చేటప్పుడు అది గడప దగ్గర నేల మీద అలాగే కనపడింది. తీసి డబ్బాలో వేద్దామని వంగి, ఎందుకో ముట్టుకోలేకపోయాను. దాన్ని దాటకుండా పక్కనుంచి చుట్టి వచ్చాను.